ఇల్లుబండికి కరెంటు

మనిషిని తీస్కపోండ్రి అన్నరు దవాఖానోళ్లు. మనిషిని తేకుండ్రి అన్నరు బిల్డింగోళ్లు. నడుమ స్వరాజ్యం, ఒక చేతిల మందుల సంచి, ఇంకో చేతిల ఫోను పట్టుకోని దవాఖాన గేటు ముంగట నిలవడ్డది. మే నెల ఎండ సూరత్‌ల ఎట్లుంటదో చెప్పేదేముంది, డాంబరుకు చెప్పులు అంటుకుంటున్నయి. లోపల మంచం ఖాళీ చెయ్యాలె. ఆ మంచం కోసం బయట ఆటోల ఇంకెవలో ముసలాయన దమ్ము గుంజుతున్నడు. స్వరాజ్యం పెనిమిటి సోమలింగానికి కరోనా అయితే పోయింది గని, పోయేటప్పుడు ఊపిరితిత్తులను నలిపి పోయింది. ఇంకొన్నాళ్లు ముక్కుకు పైపు ఉండాలె, ఆక్సిజన్ మిషిను పక్కన నడుస్తనే ఉండాలె, ఇంటికాడ పెట్టుకోండ్రి అన్నడు డాక్టరు.

ఇల్లు లేక కాదు. లింబాయత్‌ల మూడంతస్తుల చాలి, దాంట్ల నడిమి అంతస్తుల వాళ్ల అర్ర. చాలిల ఉన్నోళ్లంత మనోళ్లే, సిరిసిల్ల దిక్కు నుంచి సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడపనీకి వచ్చి ఈడనే ఇల్లువాకిలి చేసుకున్నోళ్లు. అందరికి కిందనే నల్లా, కిందనే సండాసులు. కింది అర్రల సుభాషిణి ఉంటది. చాలిల ఏ మాటైనా ముందుగాల ఆమె నోట్లెకెల్లే వస్తది. ఇప్పుడు ఫోన్ చేసింది కూడ ఆమెనే.

"వదినె, ఏమనుకోకు. అన్నను ఇప్పుడే తేకుండ్రి. అందరం ఒక్క నల్లాకాడికే పోవాలె, ఒక్క సండాసుకే పోవాలె. అందరం అనుకున్నం."

అందరం అనుకున్నమంటే సుభాషిణి అనుకున్నది, మిగిలినోళ్లు తలకాయలు ఊపిన్రు అని స్వరాజ్యానికి ఎరుకే. పోయినేడు లాక్‌డౌన్‌ల ఖాతాలు, అంటే సాంచెల షెడ్లు, అన్ని బందయ్యి అందరు బియ్యానికి తండ్లాడుతుంటే, సోమలింగం కుల సంఘపోళ్ల దగ్గర్నుంచి సంచులు భుజం మీద మోసుకొచ్చి గడప గడపకు పెట్టిండు. సుభాషిణి గడపల ముందుగాల పెట్టిండు, ఇంట్ల ముసలామె ఉన్నదని. గసుంటి మనిషికి ఇయ్యాల గడపే లేకుంటయ్యింది.

బిడ్డ హారతి బార్డోలీల ఉంటది. ఆడికన్న పోదామంటే ఆమె ఇంట్ల అత్తమామలతోని సహా అందరికి జ్వరాలు. ఇగ మిగిలింది తమ్ముడు పరమేశ్వర్.

పరమేశ్వర్‌కు ఒక పెద్ద వ్యాను ఉన్నది. పెండ్లిళ్లకు, యాత్రలకు తిప్పేటోడు. పోయినేడు అన్ని బందయితే వాని చేతులు ఊకుంటయా? బండ్లనే ఇండ్లు చేసుకోని దేశాలు తిరిగేటోళ్లను ఫోన్ల చూసిండు. సీట్లన్ని పీకిండు. ఒక పలకల మంచం, ఒక గ్యాసుపొయ్యి, మడతపెట్టే బల్ల, కిటికీలకు పూలపూల పరదాలు. హోటళ్లల్ల దిగనీకి భయపడేటోళ్లు పిల్లాజెల్లతోని డుమస్ సముద్రం కాడికి కిరాయికి తీస్కపోతరని వాని ఆలోచన. ఇల్లుబండి అని పేరు కూడ పెట్టిండు. ఏడాది కావచ్చింది, ఒక్కడన్న కిరాయికి అడిగితే ఒట్టు. స్వరాజ్యం అయితే కండ్లల్ల నీళ్లు వచ్చేదాక నవ్వింది అప్పట్ల.

ఇప్పుడు ఆ బండే దవాఖాన గేటుకాడికి వచ్చి నిలవడ్డది. పరమేశ్వర్ ఏం అడుగలే, ఎన్ని దినాలు అనలే. "బావను ఎక్కించు అక్కా" అన్నడు, గంతే. ఆ పూలపూల పరదాలు చూసి స్వరాజ్యానికి మల్ల కండ్లల్ల నీళ్లు వచ్చినయి. గంత నవ్విన దానికి తమ్మునికి చేతులెత్తి మొక్కాలనిపించింది.

*

బండిని చాలి ముంగటనే ఆపుమన్నది స్వరాజ్యం. మా గల్లీ, మా ఇల్లు, లోపలికి రానియ్యకపోతే వాకిట్ల ఉంటం, వాళ్లు చూసుకుంట ఉండనీ అన్నది. తలుపు గల్లీ దిక్కు తెరుసుకోవాలె గనుక పరమేశ్వర్ డ్రైవరు దిక్కును చాలి గోడకు ఆనిచ్చినట్టు పెట్టిండు. బండికి గోడకు నడుమ మూరెడు జాగ. ఆ మూరెడు అవతల సుభాషిణి కిటికీ. బండి సప్పుడుకు ఆ కిటికీ తలుపులు టప్పున మూసుకున్నయి.

సోమలింగాన్ని చిన్న సిలిండరు తోని తెచ్చిన్రు. అది పొద్దుమీకిదాక కూడ రాదు. కుల సంఘపోళ్లు ఆక్సిజన్ మిషిను పంపిన్రు. వాళ్ల కడుపు సల్లగుండ, అడిగిన పూటనే పంపిన్రు. ఇగ దానికి కరెంటు గావాలె. బండి బ్యాటరీతోని ఒక బుగ్గ వెలుగుతది, ఒక చిన్న పంఖా తిరుగుతది. ఈ మిషినుకు అది ఏడ చాలుతది?

బయటి కరెంటు బండిలకు రానీకి ఒక డబ్బా ఉంటది. రేకుకు బొక్క కొట్టి బిగియ్యాలె. బయట దిక్కు మూత, లోపలి దిక్కు వైర్లు. పరమేశ్వర్ దాన్ని ఎప్పుడో కొన్నడు, బిగియ్యలే. ఏడ బిగియ్యాలెనో వానికి తెగలే. రేకుకు బొక్క కొడితే కొట్టినట్టే, మల్ల పూడేది కాదు. బండి చుట్టూత సుద్దముక్కతోని గీసిన సున్నాలు ఇంక అట్లనే ఉన్నయి. డ్రైవరు తలుపు ఎనుక ఒకటి, ఎనుక బంపరు మీద ఒకటి. డీజిల్ మూత పక్కపొంటి ఒకటి గీసి, మల్ల తనకే భయమై చేత్తోని తుడిచిండు. ఏడాది సంది ఆ సున్నాల చుట్టే తిరుగుతున్నడు.

బుచ్చిరాములును పిలిచిన్రు. ఖాతాలల్ల వైరింగు పని చేసే ముసలాయన, గల్లీ అంతటికి కాకా. మాస్కు పెట్టుకుంటే కండ్లద్దాలకు ఆవిరి పడుతది, మాటిమాటికి తుడుసుకుంట బండి చుట్టూ తిరిగిండు.

గోడ దిక్కు పెడితే ఎట్లుంటది కాకా అని అడిగిండు పరమేశ్వర్. ఎనుక చక్రం అవతల, కిందికి పెడితే ఎవలు తలుగరు, వైరు కూడ మూరెడు చాలు, ఆ కిటికీలకెల్లి గుంజుకోవచ్చు అన్నడు.

"ఆ కిటికీ పేరు ఎత్తకు" అన్నది స్వరాజ్యం. "వాళ్లింటి కరెంటుతోని నా మొగడు దమ్ము తీసుకునుడు వద్దు. గల్లీ అవతలికెల్లి తీయిండ్రి."

గల్లీ అవతల అంబదాస్ సేటు ఖాతా. సోమలింగం పని చేసేది దాంట్లనే. సేటు సోలాపూర్ దిక్కు మనిషి, మాట తక్కువ. స్వరాజ్యం గడపల నిలవడి చెప్పుడు మొదలువెడితే పూర్తిగ చెప్పనియ్యనే లేదు. సగం సాంచెలు బందే ఉన్నయి, కరెంటు ఉండి ఏం చేస్తది, తీస్కో అన్నడు. పగోళ్లు ఈ దిక్కు, దేవునసుంటోళ్లు ఆ దిక్కు అనుకున్నది.

కాకా గల్లీ దిక్కు రేకును వేలుతోని కొట్టి కొట్టి చూసిండు. తలుపు పక్కన వద్దు, ఎక్కి దిగేటోళ్ల ఒళ్లు తలుగుతది. డీజిల్ మూతకాడ అసలే వద్దు. ఆఖరుకు ఎనుక మూలకు, టాపు కింద జానెడు జాగల వేలు ఆపిండు. ఖాతాలల్ల లైను ఎప్పటికి మీదికెల్లే దిగుతది. కింద నూలు దుమ్ము, నూనె, నీళ్లు, మనుషుల కాళ్లు. నేల మీద వైరు పరిచినోడు వైర్‌మెనే కాదని గర్వంగ చెప్పేటోడు కాకా. ఆయన చెయ్యి అలవాటుగ మీదికే పోయింది. స్టూలు ఎక్కి, గుండ్రం బిట్టు పెట్టి డ్రిల్లు తిప్పిండు. కోసిన అంచును ఆకురాయితోని నున్నగ చేసి, తుప్పు పట్టకుంట ఎర్రరంగు పూసి, రబ్బరు వాషరు ఏసి డబ్బా బిగిచ్చిండు. పిన్నులు బండి దిక్కు, బొక్కలు వైరు దిక్కు పెట్టిండు. వైరు ఊడి కింద పడ్డా దాని కొస ముట్టుకున్నోళ్లకు షాకు కొట్టొద్దు బిడ్డా అని చెప్పిండు.

ఖాతా గోడ మీది రోషన్‌దాన్ కిటికీలకెల్లి వైరు బయటికి వచ్చి, గల్లీ మీదికెల్లి, మనిషి తలకంటె ఎత్తున సాగి ఆ డబ్బాల పడ్డది. మిషిను గుర్రుమన్నది. సోమలింగం పైపు తగిలిచ్చుకోని కండ్లు మూసుకున్నడు, ఎద జర నెమ్మదిగ లేసుడు పడుడు షురువైంది. స్వరాజ్యం కాకా కాళ్లు మొక్కనీకి వంగింది. ఆయన గబగబ ఎనుకకు జరిగి, కరోనా బిడ్డా, కరోనా, దూరంకెల్లి మొక్కు అన్నడు.

*

ఆ తర్వాత దినాలు ఒకతీరుగ నడిచినయి. స్వరాజ్యం బండి మెట్టు మీద కూసొని చీరెలకు మిగిలిన దారాలు కత్తిరించేది, అది ఆమె ఎప్పటి పనే. లోపల సోమలింగం దిండ్లకు ఆనుకోని ఎదురుంగ ఖాతా దిక్కు చెవి పెట్టేటోడు. సాంచెల సప్పుడు వినుకుంట, అగో, మూలకున్న దానికి పోగు తెగింది, ఇంక చూస్తలేడు వాడు అని గొణిగేటోడు. తలుపుకాడికి పోయి చెప్పిరమ్మని పెండ్లాన్ని సతాయించేటోడు. ఈయనకు పాణం మెల్లమెల్లగ వస్తున్నదని ఆమెకు గప్పుడే తెలిసింది.

చాలి మీది అంతస్తోళ్లు పొద్దున ఒకలు, మాపున ఒకలు గిన్నెలల్ల కూర తెచ్చి మెట్టు మీద పెట్టి, దూరం జరిగి కేకేసేటోళ్లు. జావ ఒకనాడు, రొట్టెలు ఒకనాడు. ఎవలేం తెచ్చినా స్వరాజ్యానికి నెత్తి మీద పెట్టుకున్నట్టే ఉండేది. కింది అర్ర నుంచి మాత్రం ఏం రాలే. ఆ కిటికీ జర తెరుసుకునేది, మల్ల మూసుకునేది. స్వరాజ్యం ఊకుంటదా? పోయినేడు బియ్యం తిన్నోళ్లకు ఈ ఏడు మొఖాలు గూడ కనవడుత లేవని, కొందరి కిటికీలు మా గాలి తలిగితే కూడ పాడైతయని, దారాలు కత్తిరించుకుంటనే వినవడేటట్టు అనేది.

"ఊకోవే" అనేటోడు సోమలింగం, మాట మాటకు దమ్ము తీసుకుంట. "భయం... ఎవలికి లేదు?"

నీకు లేదు, బియ్యం మోసిననాడు నీకు లేదు అని ఆమె ఎదురు తిరిగేది. ఆయన నవ్వబోయి దగ్గేటోడు. ఇగ ఆమె ఈపు రాసుకుంట కూసునేది.

ఒకనాడు పొద్దుగాల ఆమె నీళ్లకని ఖాతా ఎనుకకు పోయింది. చాలి నల్లా ముట్టుకోవద్దని తనే పంతం పట్టి, నీళ్లు కూడ సేటు దగ్గర్నే తెచ్చుకుంటున్నది. ఆ పూట సాంచెలు జర ఎక్కువనే నడుస్తున్నయి. ఆ సప్పుడుల పక్కన నిలవడి మాట్లాడితేనే వినవడది, ఇగ కరెంటు పోతే మిషిను పెట్టే కూత గల్లీ అవతలికెల్లి ఏం వినవడుతది? బిందె నిండినంక చంకన పెట్టుకోని బయటికి వచ్చింది.

గల్లీ నడుమ బట్ట తాన్ల మూటలు ఎత్తుగ ఏసుకున్న టెంపో ఒకటి అడ్డం నిలవడి ఉన్నది. డ్రైవరు నెత్తి పట్టుకోని మీదికి చూస్తున్నడు. మూటలకు తట్టుకోని వైరు తెగ్గుంజుకపోయింది, కొస నేల మీద పడి ఉన్నది. బండి టాపు కింద డబ్బా రేకుతోని సహా పీక్కొచ్చి వేలాడుతున్నది. ఎంతసేపైందో ఏమో. బిందె ఏడ పడేసిందో ఆమెకు తెల్వది. నేల మీద వైరు తొక్కుకుంటనే ఉరికింది. దానికి షాకు లేదు, కాకా పుణ్యాన.

మెట్టు మీద కాలు పెట్టేసరికి లోపల మిషిను గుర్రుమంటున్నది.

సోమలింగం మంచం అంచుకు కూసొని ఉన్నడు. పెదవులు తెల్లగైనయి గని పైపు ముక్కుకే ఉన్నది. వేలుతోని కిటికీ చూపిచ్చిండు. గోడ దిక్కు పరదా పక్కకు జరిగి ఉన్నది. అద్దం తెరిచి ఉన్నది. దాంట్లకెల్లి తెల్ల వైరు బోర్డు ఒకటి వచ్చి మంచం మీద పడి ఉన్నది, మిషిను పిన్ను దాంట్ల ఉన్నది. మూరెడు అవతల కిటికీ ఊచల వెనుక సుభాషిణి. మాస్కు లేదు, మొఖమంత చెమట, చేతిల రొట్టెల కర్ర.

"మిషిను కూత పెట్టింది వదినె" అన్నది. "నిన్ను పిలిచిన, పలుకలే. కర్రతోని అద్దం జరిపి బోర్డు లోపలికి ఇసిరిన. అన్ననే పెట్టుకున్నడు."

ఇన్ని దినాల సంది స్వరాజ్యం మనసుల తయారు చేసి పెట్టుకున్న మాటలు ఎన్నో ఉన్నయి. ఎదురుపడితే ఇది అనాలె, గిట్ల కడుగాలె అని. అవన్ని పక్కకు పెట్టింది. మొగని చెయ్యి పట్టుకోని, అది మెల్లగ వెచ్చబడేదాక అట్లనే కూసున్నది. ఆఖరుకు కిటికీ దిక్కు చూడకుంటనే, "మాస్కు పెట్టుకో" అన్నది.

*

బుచ్చిరాములు కాకా వచ్చి పీక్కొచ్చిన డబ్బాను చేతుల పట్టుకోని తిప్పి చూసిండు. "తప్పు నాదే బిడ్డా. సాంచె ఒక్కకాడనే నిలవడి ఉంటది, మీదికెల్లి లైను ఇస్తే ఏం గాదు. గల్లీల బండ్లు నడుస్తయన్నది నాకు యాదికి రాలే" అన్నడు. వైరు గల్లీ దాటింది కాకా చెప్పినందుకు కాదు, స్వరాజ్యం పంతం పట్టినందుకు. గది ఆమెకు తెలుసు, అక్కడున్న అందరికి తెలుసు, ఎవలు అనలే. అననందుకు ఆమెకు ఇంక సిగ్గైంది.

కిటికీలకెల్లి వైరు ఎన్నాళ్లని ఉంటది? అద్దం మూసుకపోదు, దోమలు. దాని మీదికెల్లి తుఫాను వస్తున్నదని ఫోన్లల్ల ఒకటే మోత. రేపటికల్ల గాలి, వాన అంటున్నరు. బొక్క కొడితే ఇయ్యాలనే కొట్టాలె.

"గోడ దిక్కు పెట్టు కాకా" అన్నది స్వరాజ్యం. "ఎనుక చక్రం అవతల, కిందికి." పరమేశ్వర్ అక్క మొఖం దిక్కు చూడకుంట సుద్దముక్క తీసిండు.

మూరెడు జాగల మనిషి పట్టడు. సోమలింగానికి చిన్న సిలిండరు తగిలిచ్చి, పరమేశ్వర్ బండిని జర ముంగటికి తీసిండు. కాకా నేల మీద గోనెసంచి పరుసుకోని కూసున్నడు. మోకాలు ఎత్తుకు జర మీద, చక్రం బురద చిందని కాడ బొక్క కోసిండు. ఈసారి మూత కిందికి తెరుసుకునేటట్టు బిగిచ్చిండు, వాన మీద పడ్డా జారిపోవాలె. సుభాషిణి ఇంట్లకెల్లి తీసిన వైరును కూడ బిగ్గర గుంజి పెట్టలే. గోడకు బండికి నడుమ కిందికి వంపు వచ్చేటట్టు వదిలిండు. వైరు వెంబడి వచ్చిన నీళ్లు ఆ వంపుకాడనే కారిపోతయి, బండిలకు పోవు, ఇంట్లకు పోవు అన్నడు. మీది పాత బొక్కకు రేకుముక్క అతికిచ్చి చుట్టూ లప్పం పూసిండు.

ఈ పని నడుస్తున్నంతసేపు సుభాషిణి కిటికీకాడనే నిలవడ్డది, మాస్కు పెట్టుకోని. సుత్తి సప్పుడు జర ఆగినప్పుడు తనే మాట తీసింది.

"నాకు భయమైంది వదినె. మా అత్తకు ఉబ్బసం ఉన్నది, నీకెరుకే. నీకు ఫోన్ చేసిననాడు గదొక్కటే యాదికున్నది. అన్న యాదికి రాలే."

స్వరాజ్యం తల ఊపింది. ఎవలకైనా గట్లనే అయితది అనొచ్చు, అనలేకపోయింది. గంత మంచితనం ఇంక రాలే ఆమెకు. కాని ఇన్నాళ్లు తను మెట్టు మీద కూసొని అన్న మాటలన్ని ఈ మనిషి ఊచల వెనుకకెల్లి విన్నది, ఒక్క మాట తిరిగి అనలే, మిషిను కూత కూడ విన్నది. గది మాత్రం లోపల గట్టిగ తలిగింది.

బండిని మల్ల గోడకు ఆనియ్యాలె. వైరు మూరెడే, బండి మొన్నటి కంటె ఇంక దగ్గరికి రావాలె. పరమేశ్వర్‌కు ఎనుక కనవడదు. స్వరాజ్యం ఎనుకకు పోయేలోపలనే సుభాషిణి కిటికీ ఊచలల్లకెల్లి చెయ్యి బయటికి పెట్టి ఊపుడు షురువు చేసింది. "రానీ... రానీ... జర రానీ తమ్మీ... ఇంక ఉన్నది జాగ, రానీ" అనుకుంట, బండి గోడకు బెత్తెడు దూరం వచ్చేదాక పిలుస్తనే ఉన్నది. ఫోన్ల తేకుండ్రి అన్నది కూడ ఈ గొంతే. స్వరాజ్యం నిలవడి విన్నది. ఏడుపు వచ్చింది, మాస్కు ఉండవట్టికి ఎవలు చూడలే.

తుఫాను వచ్చింది. రేకులు ఎగిరినయి, గల్లీల మోకాలు లోతు నీళ్లు పారినయి, కరెంటు జరసేపు పోయింది, చిన్న సిలిండరు ఆదుకున్నది. వాన దంచికొడుతుంటే స్వరాజ్యం గొడుగు పట్టుకోని వంగి చూసింది. వైరు వంపుకాడ నీళ్లు బొట్టు బొట్టు కారుతున్నయి, మూత కింద డబ్బా పొడిగ ఉన్నది. బతికినం అనుకున్నది. ఆ ముసలి కాకాను పుట్టిచ్చిన తల్లికి దండం పెట్టుకున్నది.

*

నెల ఆఖరుకు డాక్టరు వేలుకు మిషిను పెట్టి చూసి, ఇగ పైపు అక్కర లేదన్నడు. సోమలింగం బండి దిగి చాలి మెట్లు ఎక్కిండు. నాలుగు మెట్లకు ఒకసారి ఆగిండు. గడప గడపకు మనుషులు నిలవడ్డరు, ఎవలు దగ్గరికి రాలే, కొందరు కండ్లు తుడుసుకున్నరు. మెట్లు అప్పుడే కడిగి ఉన్నయి, ముగ్గు గూడ ఉన్నది.

పెనిమిటిని అర్రల కూసోబెట్టి, స్వరాజ్యం కిందికి వచ్చింది. బండి ఎనుకకెల్లి సందుల చెయ్యి పెట్టి వైరు ఊడదీసి, మూత పెట్టింది. అవతలి కొస సుభాషిణి ఇంట్ల ఉన్నది. ఇన్ని దినాలు బండి దిక్కు కొస ఏడ ఉండాలె, ఎంత ఎత్తున ఉండాలెనని అందరు కొట్లాడిన్రు. అవతలి కొస ఏడ పడ్డదని ఎవలు అడుగలే, ఆమె గూడ అడుగలే. కరోనా అయినంక ఆ గడప తొక్కుడు ఇదే మొదలు.

లోపల అడుగు పెడితే సెగ మొఖానికి కొట్టింది. ఒక్కటే అర్ర. సుభాషిణి అత్త లింగవ్వ చాప మీద గోడకు ఆనుకోని, చీరెల డబ్బా అట్టముక్కతోని విసురుకుంటున్నది. మీద పంఖా తిరుగుతున్నది, అది తిప్పేది వేడి గాలే. మూలకు కూలరు ఉన్నది. దాని మొఖం గోడకు తిప్పి ఉన్నది, దాని మీద మడతపెట్టిన దుప్పట్లు ఉన్నయి. దాని పిన్ను నేల మీద పడి ఉన్నది. అర్రల పెద్ద పిన్ను పట్టే పాయింటు ఒక్కటే, దాంట్ల స్వరాజ్యం ఇప్పుడే ఊడదీసిన వైరు అవతలి కొస ఉన్నది.

ఉబ్బసం మనిషి. మే నెల.

సుభాషిణి పొయ్యికాడికెల్లి వచ్చి ఆమె చూపు ఏడున్నదో చూసింది. తప్పు చేసినట్టు నవ్వింది. "రెండు నడిపితే ఫ్యూజు పోతది వదినె. పాత వైరింగు. కాకా అడిగిండు, ఈ పాయింటు మీద ఇంకేమన్న నడుస్తదా అని. ఏం లేదని చెప్పిన. చెప్తే నువ్వు తీసుకోకపోదువు."

ఆ స్విచ్చు ఎవల చెయ్యన్న తలిగి ఆరకుంట దాని పక్కపొంటి బట్టపట్టీ అతికిచ్చి ఉన్నది. దాని మీద పసుపు, కుంకుమ బొట్టు. దసరానాడు ఖాతాలల్ల సాంచెల స్టార్టరుకు పెట్టేటసుంటిదే. పాతది ఎండి రాలినకాడ కొత్తది, దాని మీద ఇంకో కొత్తది.

"నేనే పెట్టిన బిడ్డా" అన్నది లింగవ్వ, అట్టముక్క ఆపి. "రోజు పొద్దుగాల తానం చేసి దీనికే మొక్కిన. దేవుని పటంకాడ దీపం ఒకటి రెండు సార్లు మర్సిన. దీనికి మర్వలే. ఇగ తీసెయ్యి. నీ చేత్తోని తీసెయ్యి."

స్వరాజ్యం స్విచ్చుకు చెయ్యి తాకిచ్చి కండ్లకు అద్దుకున్నది. ఆర్పింది. పిన్ను తీసి వైరు పక్కన పెట్టింది. దుప్పట్లు ఎత్తి మంచం మీద ఏసి, కూలరును గోడ దిక్కుకెల్లి ఇటు తిప్పింది. దాంట్ల సుక్క నీరు లేదు. సుభాషిణి వద్దు వదినె అంటుంటే వినకుంట బిందె తీసుకోని, ఇన్నాళ్లు ముట్టని చాలి నల్లాకాడికి పోయి నింపుకోని వచ్చింది. మల్లొక బిందె తెచ్చింది. గడ్డి తడిసేదాక పోసి, పిన్ను పెట్టి, బొట్టు చెరుగకుంట స్విచ్చు ఏసింది. ముసలామె మొఖం మీదికి సల్లగాలి తలిగి, ఆమె కండ్లు మూసుకునేదాక స్వరాజ్యం ఆడనే నిలవడ్డది.